చామనఛాయకు ఏ రంగులు కలపాలి?

మేముండేది నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ పక్కనే కాబట్టి ఇక్కడ మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. హైస్కూల్లో చదువుతున్న మా అమ్మాయి, మరికొందరు పిల్లలు శనివారాలు ఒక చిత్రకారిణి దగ్గర తమ బొమ్మ తామే వేసుకోవడం నేర్చుకుంటున్నారు. "ఫోటోలుండగా ఇదెందుకు?" అనుకునేవాణ్ణి. ఒకరోజు క్లాసులో కూర్చుని చూశాక బోధపడింది.

ఆవిడ ముందుగా పిల్లల చేతికి కుంచె ఇవ్వలేదు, అద్దం ఇచ్చారు. కళ్ళు ఎక్కడుంటాయో గుర్తు పెట్టమంటే దాదాపు అందరూ బాగా పైన, నుదుటి దగ్గర పెట్టారు. నిజానికి నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు ఇంచుమించు సగంలో ఉంటాయి. రెండు కళ్ళ మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటుంటుంది. తెలుసనుకున్నది కాదు, కనిపించేది గీయాలి. అదే మొదటి పాఠం.

రెండో పాఠం రంగు. మా అమ్మాయి తెలుపులో కాస్త గులాబీ కలిపి ముఖమంతా పూసేసింది. ఆవిడ ఏమీ అనకుండా, "నీ చెయ్యి కాగితం పక్కన పెట్టి చూడు" అన్నారు. తర్వాత బర్న్ట్ సియెనా, ఎల్లో ఓకర్, చిటికెడు అల్ట్రామెరైన్ నీలం కలిపి చూపించారు. వెలుగు పడేచోట కొంచెం తెలుపు, నీడలో ఇంకాస్త నీలం. అదీ మన చామనఛాయ!

ఈ పొరపాటు పిల్లలది మాత్రమే కాదు. క్రేయోలా కంపెనీ ఒక లేత రంగు క్రేయాన్‌ను 'ఫ్లెష్', అంటే ఒంటి రంగు, అనే పేరుతో అమ్మేది. 1962లో గానీ దాన్ని 'పీచ్' అని మార్చలేదు.

అంతెందుకు, పూర్తయిన బొమ్మ ఇంటికి తెచ్చినప్పుడు "ఇంకాస్త తెల్లగా వేయాల్సిందమ్మా" అన్నది నేనే. "నేను ఇలాగే ఉంటాను కదా నాన్నా!" అంది. నా దగ్గర జవాబు లేదు.

చిత్రకారులు చదువుకునే పిల్లలకు దారి చూపడం మనకూ కొత్త కాదు. దామెర్ల రామారావు (1897–1925)లోని ప్రతిభను చిన్న వయసులోనే గుర్తించి ప్రోత్సహించినది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్, స్వయంగా చిత్రకారుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే. రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చి, మన ఊళ్ళనూ మన మనుషులనూ చిత్రించారు.

మీ పిల్లలు కూడా తమ బొమ్మ వేసి తెస్తే, దయచేసి నాలా తొందరపడకండి. "ఈ రంగు ఎలా కలిపావు?" అని అడగండి చాలు. మా అమ్మాయి బొమ్మ ఇప్పుడు మా హాల్లో ఉంది, ఆ చామనఛాయతోనే.