వాడలో ఛార్జర్ ఎక్కడ? ఎలక్ట్రిక్ బండ్లు, సమాన హక్కు

ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ నిండడానికి దాదాపు మూడు యూనిట్ల కరెంటు చాలు. దాంతో 80 కిలోమీటర్ల దాకా తిరగొచ్చు. అదే దూరానికి పెట్రోల్ బండి లీటరున్నరకు పైనే తాగుతుంది. రోజూ మండల కేంద్రంలో అడ్డా మీదికి వెళ్లే మేస్త్రీకి, ఊరూరా తిరిగి కూరగాయలు అమ్ముకునే అక్కకు ఆ తేడా ఒక పూట కూలితో సమానం. ఈ లాభం అందరికంటే ముందు అందాల్సింది వాళ్లకే. మరి వాడ దాకా రాకుండా దానికి ఏం అడ్డుపడుతోంది?

రాయితీ ఎవరికి చేరుతుంది

ఎలక్ట్రిక్ వాహనాల మీద జీఎస్టీ 5 శాతమే. 2019 నుంచి ఫేమ్-2, 2024 అక్టోబర్ నుంచి పీఎం ఈ-డ్రైవ్ పేరుతో కేంద్రం రాయితీలు ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు రద్దు చేసి, దాన్ని 2026 డిసెంబర్ 31 వరకు వర్తింపజేసింది.

వీటన్నిటిదీ ఒకటే పద్ధతి: కొన్నవాడికే తగ్గింపు. రోడ్డు పన్నును బండి ధర మీద శాతంగా లెక్కగడతారు. కాబట్టి లక్ష రూపాయల స్కూటర్ కొన్నవారికి వేలల్లో మిగిలితే, 20 లక్షల కారు కొన్నవారికి లక్షల్లో మిగులుతుంది. జీవోలో కులం పేరు ఉండదు. కానీ భూమి, జీతం చీటీ, సిబిల్ స్కోరు ఎవరికి ఉన్నాయో చూస్తే లాభం ఎటు పోతుందో తెలుస్తుంది. అవి లేనివాళ్లు ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫైనాన్స్ దగ్గరికి పోవాల్సిందే. పెట్రోల్‌లో మిగిలింది వడ్డీలో పోతుంది.

ప్లగ్గు ఎవరింట్లో ఉంది

పల్లెలో ఛార్జింగ్ అంటే ఇంట్లో ప్లగ్గే. ఒకటే గది, బండి పెట్టుకోను జాగా లేని ఇల్లు, సరైన ఎర్తింగ్ లేని వైరింగ్ అయితే అది ప్రమాదం కూడా.

ఇంకో లెక్క చూద్దాం. ఎలక్ట్రిక్ ఆటోకు రోజుకు 7 యూనిట్లు అనుకుంటే నెలకు 210 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడిన ఇంటికే జీరో బిల్లు. అంటే బతుకుదెరువుకు ఆటో కొన్న కుటుంబం ఇంటి మీటరుతోనే ఛార్జింగ్ పెడితే ఉచిత కరెంటు పోగొట్టుకుంటుంది.

ఊళ్లో ఉమ్మడి ఛార్జర్ పెడితే సరిపోతుందా? అది ఎక్కడ పెడతారన్నదే అసలు ప్రశ్న. బండి నిండడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఊరి నడిబొడ్డున, పెద్దల అరుగుల ముందు వాడ మనిషి అంతసేపు నిశ్చింతగా కూర్చోగలడా? అట్రాసిటీ చట్టంలోని సెక్షన్ 3(1)(జెడ్ఏ) సైకిల్, మోటార్ సైకిల్ నడపకుండా అడ్డుకోవడాన్ని పేరుపెట్టి నేరమంది. మనవాళ్లను బండి దిగి నడిపించిన ఊళ్లు ఉన్నాయి కాబట్టే ఆ మాట చట్టంలోకి వచ్చింది.

మహాద్ చెరువు కథ గుర్తు చేసుకుందాం. ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు అందరికీ తెరవాలని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మరుసటి ఏడాది మహాద్ మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంది. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాది మందితో నడిచి వెళ్లి దోసిలి పట్టేదాకా ఆ నీళ్లు మనవి కాలేదు. కాగితం మీద 'అందరికీ' అని రాస్తే చాలదని అప్పుడే తేలింది. రాజ్యాంగంలోని 15(2) అధికరణం బావులు, చెరువులు, రోడ్లు, ప్రభుత్వ నిధులతో నడిచే బహిరంగ స్థలాల్లో వివక్షను నిషేధించింది. ప్రజాధనంతో పెట్టే ఛార్జర్ కూడా ఆ వరసలోదేనని మేం అంటున్నాం.

ఏం అడగాలి

ఒకటి, సబ్‌ప్లాన్ వాటా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన సబ్‌ప్లాన్ చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలంటున్నాయి. ఎలక్ట్రిక్ ఆటోకు ఎస్సీ కార్పొరేషన్ ఇచ్చే సాయంలో డౌన్ పేమెంట్‌తో పాటు విడి మీటరు, వైరింగ్ ఖర్చూ ఉండాలి.

రెండు, మొదటి ఛార్జర్ వాడలోనే పెట్టాలి. కమ్యూనిటీ హాలు దగ్గర పెట్టొచ్చు. ఛార్జింగ్ అనేది సేవ, దానికి విద్యుత్ లైసెన్స్ అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లో స్పష్టం చేసింది. అంటే వాడలోని మహిళా సంఘమే దాన్ని నడపొచ్చు. ఊరివాళ్లు కూడా అక్కడికే వచ్చి ఛార్జింగ్ పెట్టుకోనీ.

మూడు, రిపేరు పని. బ్యాటరీ, మోటారు, కంట్రోలర్ బాగుచేసే శిక్షణ వాడ యువతకు అందాలి. లేకపోతే ఈ కొత్త రంగంలోనూ మనకు మిగిలేది మోతపనే.

నాలుగు, బస్సు. బండి కొనలేని వాళ్లే ఎక్కువ. 2023లో ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ మూడు లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాల కోసం. పల్లె రూట్లకూ ఎలక్ట్రిక్ బస్సులు రావాలి.

విద్యార్థి మిత్రులు ఇప్పుడే చేయగల పని ఒకటుంది. మూడేళ్లలో ఎన్ని ఎలక్ట్రిక్ వాహనాలు మంజూరు చేశారో, ఎన్ని నిజంగా చేతికందాయో మీ జిల్లా ఎస్సీ కార్పొరేషన్‌ను సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ జవాబు పట్టుకుని గ్రామసభకు వెళ్దాం. ఛార్జర్ ఎక్కడ పెట్టాలో తీర్మానం రాసేటప్పుడు మనం అక్కడ ఉండాలి.