గడ్డపార దించండి, గడీలో బంగారం లేదు

దొరల నివాసమైన గడీ గోడ కూలిందంటే వానల మీదికి నెట్టేస్తాం. ఒకసారి గోడ మొదట్లోకి తొంగి చూడండి: మనిషి లోతు గొయ్యి, పక్కన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. ‘దొర పారిపోతూ లంకెబిందెలు పాతిపెట్టాడు’ అన్న పుకారు ఉమ్మడి వరంగల్ జిల్లాలో చేస్తున్న ఘనకార్యం ఇది.

పారిపోయిన మాట నిజమే. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో రైతాంగ ఉద్యమ కార్యకర్త దొడ్డి కొమరయ్య చనిపోయాక ఊళ్లు తిరగబడ్డాయి, దొరలు చాలామంది పట్నం చేరారు. పుకారు అక్కడితో ఆగుతుంది, చరిత్ర ఆగలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం మీద భారత సైన్యం పోలీసు చర్య జరిగింది, సైన్యం వెనకే దొరలూ తిరిగొచ్చారు. పేదలు పంచుకున్న భూములనే వెనక్కి గుంజుకున్నవాళ్లు సొంత పెరట్లో పాతిన బంగారాన్ని మరిచిపోయారా? అసలు వాళ్ల సిరి భూమిలో, నాగుకు, అంటే వడ్డీకి, ఇచ్చిన వడ్లలో ఉండేది.

భూమిలో ఏమీ దాచలేదని మాత్రం అనను. ధాన్యం పాతర్లుండేవి. డొల్లగా మోగే చోటు దొరికినా దొరకొచ్చు, అందులో వడ్లు కూడా మిగలవు. పాత నాణేల కుండలు అప్పుడప్పుడు బయటపడతాయనీ ఒప్పుకోక తప్పదు. దున్నుతుంటేనో పునాది తీస్తుంటేనో పడతాయి గానీ మంత్రగాడు వేలు చూపిన చోట కాదు. దొరికినా కలెక్టరుకు చెప్పాల్సిందే.

పాత చెట్టు మొదలే నిధికి గుర్తట! అలా తోటలూ పోతున్నాయి. వెట్టివాళ్లు మోట తోలి పెంచిన తోటలవి, పండు మాత్రం దొరది. తాటిచెట్లల్లో కొన్ని దొర కల్లుకే విడిచేవాళ్లు గీతకార్మికులు. నిధి గురించి కాదు, అడగాల్సింది ఇలాంటి సంగతులు, ఊళ్లో ముసలివాళ్లు ఉండగానే.

పుకార్లు ఇంకా ఉన్నాయి. గడీలన్నీ కాకతీయులు కట్టినవట. కాదు, ఎక్కువ భాగం అసఫ్‌జాహీల కాలానివి. ప్రతి గడీ నుంచి ఓరుగల్లు కోటకు సొరంగమట. తవ్విన రాయి ఎక్కడ పోశారో కూడా చెబితే బాగుండు.

చేతనైతే కామారెడ్డి జిల్లా దోమకొండ చూసి రండి. అక్కడి గడికోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. మీ ఊరి గడీకి మరమ్మతు పెట్టుకుంటే డంగుసున్నమే వాడండి, సిమెంటు పూస్తే తేమ గోడలోనే ఉండిపోతుంది. గోడల మీద రావి మొలకలను లేతగా ఉన్నప్పుడే పీకేయండి. రాత్రి గడీలో లైట్లు కదిలితే దయ్యమని దుప్పటి కప్పుకోకుండా పోలీసులకు ఫోన్ చేయండి.