రచనకు ప్రేరణ

కావ్యం వల్ల కలిగే ప్రయోజనాలను మన ఆలంకారికులు విస్తారంగా చర్చించారు. 11వ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు మమ్మటుడు తన ‘కావ్యప్రకాశం’లో వాటిని ఆరుగా పేర్కొన్నాడు. కీర్తి, ధనం, లోకవ్యవహార జ్ఞానం, అమంగళ నివారణ, చదివిన వెంటనే కలిగే పరమానందం, ప్రియురాలి పలుకువలె మృదువైన ఉపదేశం అనేవి ఆ ఆరు. వీటిలో కొన్ని పాఠకునికి దక్కేవి. కవికి దక్కేవి కూడా చాలావరకు రచన పూర్తయిన తరువాత లభించే ఫలాలే. అసలు ఒక మనిషి ఘంటం చేతపట్టడానికి కారణమేమిటన్నది వేరే ప్రశ్న. ప్రయోజనం వేరు, ప్రేరణ వేరు.

ఆదికవి వృత్తాంతంలోనే ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది. తమసానదీ తీరంలో బోయవాని బాణానికి క్రౌంచమిథునంలోని మగపక్షి నేలకూలింది. ఆడపక్షి ఆక్రందనం విన్న వాల్మీకి నోట అప్రయత్నంగా శ్లోకం వెలువడింది. తాను పలికినదేమిటో తెలియక ఆ మహర్షి తానే ఆశ్చర్యపడ్డాడు. రామకథ రచించమని బ్రహ్మ ఆదేశించింది ఆ తరువాతనే. అంటే శోకం ముందు, ఆజ్ఞ వెనుక.

తెలుగు కవులు తమ రచనకు గల కారణాన్ని చెప్పుకొనే చోటు అవతారిక. రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భారతాన్ని తెనిగించాడు. చంద్రవంశీయుడైన ఆ రాజు పాండవులను తన పూర్వులుగా భావించి, వారి కథను వినాలని ముచ్చటపడ్డాడు. కనుక అక్కడ వ్యక్తిగతమైన కారణం కవిది కాదు, శ్రోతది! పోతన విషయంలో అలా కాదు. ఒక చంద్రగ్రహణపు రాత్రి గంగాస్నానం చేసి ధ్యానంలో ఉన్నప్పుడు శ్రీరాముడు కనిపించి భాగవతం రచించమన్నాడని, దానివల్ల భవబంధాలు తొలగుతాయని చెప్పాడని అతడు రాసుకొన్నాడు. నన్నయ తిక్కనాదులు భాగవతం జోలికి పోకపోవడం తన పూర్వజన్మ పుణ్యమని మురిసిపోయాడు కూడా. తనకొరకే మిగిలి ఉన్న గ్రంథాన్ని చూసి కలిగిన ఆ సంతోషం అవతారికలో దాగలేదు.

అయితే కథ మిగిలి లేనప్పుడు ఏం చేయాలి? రామాయణాన్ని ఎందరో రచించారు. అయినా ఆతుకూరి మొల్ల మళ్లీ రచించడానికి పూనుకొంది. తనకు శాస్త్రపాండిత్యం లేదని, గోపవరపు శ్రీకంఠమల్లేశ్వరుని దయవల్లనే కవిత్వం అబ్బిందని వినయంగా చెప్పుకొంది. పూర్వకవులు చెప్పిన కథను మరల చెప్పడమెందుకన్న ప్రశ్నను తానే లేవనెత్తి, ఇహపరాలకు ఆధారమైన ఆ కథను తాను చెబితే దోషమేమిటని తానే సమాధానమిచ్చింది. ఈ వినయం వెనుక ఉన్న ధైర్యాన్ని గుర్తించాలి. ఏ రాజూ అడగలేదు, ఏ సభా పిలవలేదు. చెప్పాలని ఆమెకు అనిపించింది, అంతే.

20వ శతాబ్దంలో విశ్వనాథ సత్యనారాయణగారికీ ఇదే ప్రశ్న ఎదురైంది. రోజూ తిన్న అన్నమే తింటున్నాము కదా, ఎవరి అనుభూతి వారిదే కదా అన్నది ‘రామాయణ కల్పవృక్షం’లో ఆయన ఇచ్చిన సమాధానం. తండ్రి శోభనాద్రిగారి ఆదేశం ఒకటి, తనలోని ఆధ్యాత్మిక తపన మరొకటి తనచేత ఆ కావ్యాన్ని రాయించాయని ఆయన పేర్కొన్నారు. 1970 సంవత్సరానికి ఆయనకు జ్ఞానపీఠ పురస్కారం లభించింది. ఆ గౌరవానికి ఎంతో ముందే మొదలైన రచన అది. కొడుకు తండ్రికి తీర్చుకొన్న ఋణంగానే దానిని చూడడం ఉచితం.

ఆయనే భార్యావియోగంతో ‘వరలక్ష్మీ త్రిశతి’ని, నాయని సుబ్బారావుగారు మాతృవియోగంతో ‘మాతృగీతాలు’ను రచించారు. పోయినవారు తిరిగిరారని ఈ కవులకు తెలుసు. అయినా వారితో మాటలాడడానికి పద్యం తప్ప మరొక దారి వారికి కనిపించలేదు.

అవమానం ప్రేరణ అయినప్పుడు రచన స్వరూపమే మారిపోతుంది. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువాగారికి పద్యం అలవడింది గాని, పద్యం చదివే సభలో గౌరవం సులభంగా దక్కలేదు. కులం పేరు చెప్పి ఆయనను చులకన చేసినవారున్నారు. రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలకు కథ వినిపించడం మొదలుకొని ఉపాధ్యాయ వృత్తి వరకు జీవిక కొరకు ఆయన అనేక ఉద్యోగాలు చేశారు. పేదరికం, కులమత భేదం తనకు ఇద్దరు గురువులని, మొదటిది సహనాన్ని, రెండవది ఎదిరించే శక్తిని నేర్పాయని ఆయన చెప్పుకొన్నారు. 1941లో వెలువడిన ‘గబ్బిలం’ ఆ రెండవ గురువు పెట్టిన పాఠం.

కాళిదాసు మేఘసందేశం వలె అదీ సందేశకావ్యమే. కాని మేఘాన్ని పంపిన యక్షునిది ప్రియావిరహం. గబ్బిలాన్ని పంపిన పేదవానిది ఆకలి, అస్పృశ్యత. అతనికి దేవాలయ ప్రవేశం లేదు. అశుభమని ఇళ్లనుండి తరిమివేసే గబ్బిలం మాత్రం గుడి కప్పుకు నిశ్చింతగా వేలాడగలదు. అందుకే, పూజారి లేని సమయం చూసి శివుని చెవిలో తన గోడు చెప్పమని అతడు దానిని వేడుకొంటాడు. దూతను ఎన్నుకోవడంలోనే కవి సమాజాన్ని నిలదీశారు. ప్రాచీన కావ్యాలను ఎంత చదివినా, స్వయంగా గుడి బయట నిలబడవలసి వచ్చినవారికి తప్ప ఈ ఊహ తట్టడం కష్టం.

తన కవితా సంపుటాలకు కాళోజీ నారాయణరావుగారు ‘నా గొడవ’ అని పేరు పెట్టడంలో కూడా ఈ స్వానుభవ ముద్రే ఉంది. నిజాం పాలనను ఎదిరించి 1948లో నిజామాబాదు జైలులో ఉన్న దాశరథి కృష్ణమాచార్యగారు అక్కడి గోడపై బొగ్గుతో పద్యాలు రాశారు. చేతిలో కాగితం లేదు, ఎదుట కృతిభర్త లేడు. కీర్తి, ధనం అనే లెక్కలు ఆ గోడ దగ్గరకు చేరలేవు.

చెరసాల కవిత్వానికి ఇంతకంటె పాత ఉదాహరణ గోలకొండలో ఉంది. 17వ శతాబ్దంలో తానీషా కొలువున పాల్వంచ పరగణా తహసీలుదారుగా ఉన్న కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ముతో భద్రాచల రామునికి గుడి కట్టించి బందీ అయ్యాడు. లెక్కలు రాసే ఉద్యోగి కనుక కాబోలు, ఏ నగకు ఎంత ఖర్చయిందో కీర్తనలో పద్దు వేసి మరీ రాముణ్ణి నిలదీశాడు. ఆ నగలు పెట్టుకొని ఎవరి సొమ్మని కులుకుతున్నావని కసిరాడు. అంతలోనే మనసు కరిగి, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, బాధపడవద్దు అంటూ అదే కీర్తన చివర బతిమాలుకొన్నాడు.