పిల్లలు మనసు విప్పితే...

‘‘సంబంధాలు చూడొద్దమ్మా. నాకు అబ్బాయిలంటేనే ఇష్టం’’ అని మీ అబ్బాయి చెబితే? గుండె గుభేల్‌మంటుంది. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం ముందుకొస్తుంది. కానీ ఆ మాట చెప్పడానికి తనెంత ధైర్యం కూడగట్టుకున్నాడో ఆలోచించండి.

కుటుంబం తీవ్రంగా తిరస్కరించిన యువతలో ఆత్మహత్యాయత్నాలు, అలాంటి తిరస్కారం అంతగా ఎదురుకాని వారికంటే 8 రెట్లకు పైగా ఎక్కువని అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 2009లో గుర్తించారు.

స్వలింగ ఆకర్షణ జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. ‘మార్చేస్తాం’ అంటూ చేసే చికిత్సలు వైద్యవృత్తికి విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్‌ 2022లో తేల్చిచెప్పింది. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందనీ అనుకోవద్దు. మరో ఇంటి ఆడపిల్ల జీవితమూ చిక్కుల్లో పడుతుంది.

మరేం చేయాలి? మధ్యలో అడ్డు తగలకుండా వినండి. ‘‘అర్థం చేసుకోవడానికి నాకు కాస్త సమయం పడుతుంది. నువ్వు ఎప్పటికీ మా బిడ్డవే’’ అనండి. తనను అడగకుండా బంధువులకు చెప్పకండి. నిద్రాహారాలు తగ్గినా, చావు మాటలు వినిపించినా టెలిమానస్‌ 14416కు ఫోన్‌ చేయండి. మీ దిగులు చెప్పుకోవడానికీ అదే నంబరు.

ఆ రాత్రి ఎప్పటిలాగే అన్నానికి పిలవండి. ఆ పిలుపు కోసమే తను ఎదురుచూస్తుంటాడు.