మగ్గపు విడిభాగముల డ్రాయింగు: కొలత ఒక్కటే చాలదు

మరమగ్గములో ఒక భాగము అరిగిపోయినప్పుడు మనలో చాలమంది చేయు పని ఒక్కటే. అరిగిన ముక్కను గుడ్డలో చుట్టి లేతు వర్క్‌షాపునకు తీసికొనిపోయి, దీనివంటిదే మరొకటి కావలెనని అడుగుదుము. పనివారు దానిని కొలుతురు, ఆ కొలతకే చేసి యిత్తురు. అరుగుదల కూడ ఆ కొలతలో చేరిపోవును. ముక్క క్రొత్తది, జబ్బు మాత్రము పాతదే. మగ్గము ఆగిన దినములకు కూలి పోవును, ముక్కకు పెట్టిన డబ్బు పోవును, నాడె ఎగిరి పడెనా, ప్రక్కన నిలిచినవారికి ప్రమాదము.

కోవిల్‌పట్టి, విరుదునగరము, అరుప్పుకోట్టై, ఛత్రపట్టి ప్రాంతములలో మన యింటి మాట తెలుగు, వర్క్‌షాపు మాట తమిళము, యంత్రముతో వచ్చిన పుస్తకపు మాట ఇంగ్లీషు. మాట మారినకొలది అర్థము జారును. సరియైన డ్రాయింగునకు ఈ చిక్కు లేదు. అందలి గుర్తులు అన్ని దేశములలోను దాదాపు ఒక్కటే. ఆ గుర్తుల సంగతి నేత కుటుంబములవారికి తెలిసిన మేలని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

కొలత సరిపోయినను ముక్క సరిపోదు

ఒక చీర పొడవు సరిగా నున్నది, పన్నా సరిగా నున్నది. కాని పేక పడుగునకు మూలమట్టముగా పోక వాలుగా పోయినది. కొలబద్ద ఈ తప్పును పట్టజాలదు. మడత పెట్టినప్పుడు అంచులు కలియవు, అప్పుడే బయటపడును. ఇనుప ముక్కకును ఇదే న్యాయము.

40 మిల్లీమీటర్ల షాఫ్టు నొకదానిని తీసికొందము. వ్యాసము 39.95 మొదలు 40.00 వరకు ఉండవచ్చునని డ్రాయింగులో వ్రాసితిమి. చేసి తెచ్చిన షాఫ్టును ఏ చోట కొలిచినను 39.97 వచ్చినది. అయినను అది నడుమ వంగియుండవచ్చును. వ్యాసపు అంకె లావును చెప్పును గాని తిన్నదనమును చెప్పదు. కావున తిన్నదనము, చదును, గుండ్రదనము, సమాంతరము, మూలమట్టము, రంధ్రము ఉండవలసిన చోటు, వీనిలో మనకు కావలసినవానిని డ్రాయింగుపై వేరుగా అడుగవలెను.

గళ్ల పెట్టెను చదువు విధము

డ్రాయింగుపై గళ్లుగా విభజించిన పొడుగుపాటి పెట్టె కనబడును. మొదటి గడిలో గుర్తు, రెండవ గడిలో ఎంత తేడా ఓర్చుకొందుమో ఆ అంకె, తరువాతి గళ్లలో ఏ ముఖము నుండి కొలవవలెనో తెలుపు అక్షరము ఉండును. ఒంటి గీత తిన్నదనమునకు, రెండు వాలు గీతలు సమాంతరమునకు, తలక్రిందుల ఇంగ్లీషు టీ అక్షరము మూలమట్టమునకు, వలయములో కూడిక గుర్తు స్థానమునకు, వాలు బాణము షాఫ్టు తిరుగునప్పుడు వచ్చు ఊపునకు గుర్తులు.

ఏ ముఖము నుండి కొలుతుమో దానిని డేటమ్ అందురు. మగ్గమునకు బేరింగు బ్రాకెట్టు చేయించుచున్నామనుకొనుడు. మగ్గపు ఫ్రేముపై కూర్చుండు అడుగు ముఖమును 'ఏ' అనవలెను. షాఫ్టు దూరు రంధ్రము ఆ 'ఏ' ముఖమునకు 0.05 మిల్లీమీటరు లోపల సమాంతరముగా ఉండవలెనని పెట్టెలో వ్రాయవలెను. ఇది లేనిచో క్రాంకు షాఫ్టు, అడుగు షాఫ్టు ఒకదానికొకటి వాలుగా నిలుచును. క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి అడుగు షాఫ్టు ఒక చుట్టు తిరుగవలెను. వాని నడిమి పళ్లచక్రములు ఒక అంచుననే ఒరిసికొని త్వరగా అరిగిపోవును. మగ్గములో నిజముగా ఏ ముఖము ఆనుకొనునో ఆ ముఖమునే డేటముగా ఎన్నుకొనవలెను.

రంధ్రముల లెక్క

రంధ్రపు కేంద్రము అటు 0.1, ఇటు 0.1 జరుగవచ్చునని అడ్డముగాను నిలువుగాను వ్రాయుట పాత అలవాటు. అప్పుడు కేంద్రము ఉండదగిన చోటు 0.2 భుజముగల చతురస్రమగును. దాని మూలలో రంధ్రము నిజస్థానము నుండి సుమారు 0.14 దూరము జరిగినను ఒప్పుకొందుము. అదే 0.14 నేరుగా ప్రక్కకు జరిగిన మాత్రము త్రోసివేయుదుము. ఇది న్యాయము కాదు. స్కాట్లండులోని అలెగ్జాండ్రియా టార్పెడో ఫ్యాక్టరీలో పనిచేసిన స్టాన్లీ పార్కర్ అను ఇంజనీరు 1938 ప్రాంతమున ఈ సంగతి గ్రహించి, చతురస్రమునకు బదులు వలయము పెట్టవలెననెను. అందువలన మంచి ముక్కలకు దొరకు చోటు నూటికి 57 వంతులు పెరిగినది.

10 మిల్లీమీటర్ల బోల్టునకు బ్రాకెట్టులోను ఫ్రేములోను కనీసము 10.5 రంధ్రములున్నచో, ఒక్కొక్కదానికి 0.5 వ్యాసముగల వలయములో స్థానపు స్వేచ్ఛ ఇయ్యవచ్చును. ఫ్రేములో మర కోసియుండి, బోల్టు అందులోనే బిగియునట్లైన, ఆ 0.5ను రెండింటికి చెరిసగము పంచవలెను. పెట్టెలో అంకె ప్రక్కన వలయములో 'ఎం' అక్షరము వేసిన, రంధ్రము 10.7 అయినప్పుడు మరి 0.2 స్వేచ్ఛ కలిసివచ్చును. రంధ్రము పెద్దదైనకొలది బోల్టు సులభముగా దూరును గదా!

ఏ ప్రమాణమో వ్రాయవలెను

మన దేశమున ఐ.ఎస్. 8000, అంతర్జాతీయముగా ఐ.ఎస్.ఓ. 1101, అమెరికాలో ఎ.ఎస్.ఎం.ఇ. వై 14.5 అను ప్రమాణములు గలవు. వీనిలో భేదము గలదు. పైని చెప్పిన వంగిన షాఫ్టు ఐ.ఎస్.ఓ. పద్ధతిలో వ్యాసపు కొలత వరకు నెగ్గిపోవును, తిన్నదనము వేరుగా అడుగనిచో త్రోసివేయు వీలులేదు. అమెరికా పద్ధతిలో, నిండు 40.00 గల తిన్నని గొట్టములో దూరని షాఫ్టు మామూలుగా తప్పినట్లే. కావున డ్రాయింగు మూలన ప్రమాణము పేరు వ్రాయుట మరువరాదు.

మనము చేయదగినది

అరిగిన ముక్కను ఒంటరిగా పంపవలదు. అరుగని చోట కొలతలు తీసికొని, అది ఆనుకొను ముఖమును, దానితో కలియు భాగమును గూడ వర్క్‌షాపువారికి చూపవలెను. ఒకసారి డిప్లొమా చదివిన మన పిల్లలచేతనో, తెలిసిన డ్రాఫ్ట్స్‌మన్‌చేతనో డ్రాయింగు గీయించిన, పది కుటుంబములు వాడుకొనవచ్చును. కోవిల్‌పట్టిలో 1984లో వెలసిన నేషనల్ ఇంజనీరింగు కాలేజీ వంటి చోట్ల ఈ విద్య నేర్చిన యువకులు మనకు దగ్గరనే యున్నారు.

అన్నిటికి సన్నని అంకె వేయుట తెలివి కాదు. అంకె సన్నమైనకొలది కూలి పెరుగును. మూత రేకునకు 0.05 అడుగుట డబ్బు దండుగ. బేరింగు రంధ్రమునకు అడుగకపోవుట అంతకంటె దండుగ.

షాఫ్టు చేతికి వచ్చిన వెంటనే రెండు 'వీ' దిమ్మలపై ఉంచి, నడుమ డయల్ గేజి ఆనించి, చేతితో త్రిప్పి చూడుడు. ముల్లు ఎంత ఊగెనో డ్రాయింగులో బాణపు గుర్తు ప్రక్కనున్న అంకెతో పోల్చుడు. మించినచో మగ్గమునకు ఎక్కింపక వెనుకకు పంపుడు. డ్రాయింగు మీద వ్రాసియున్నప్పుడు వాదము ఉండదు, స్నేహమును చెడదు.