అమ్మమ్మ కడుపులోనే మనవరాలి బీజం

కృష్ణా డెల్టాలో వరి పండించేవారికి నారుమడి గురించి చెప్పనక్కరలేదు. విత్తనం ఒకచోట మొలకెత్తుతుంది, నారు తీసి వేరే మడిలో నాటుతారు. తల్లి గర్భంలో బీజకణాల కథ కూడా ఇలాంటిదే.

బీజకణాలంటే ఏమిటి?

పెద్దయ్యాక స్త్రీలో అండాలుగా, పురుషునిలో వీర్యకణాలుగా మారే కణాలే బీజకణాలు. ఇవి అండాశయంలోనో, వృషణాలలోనో పుట్టవు. నాలుగవ వారంలో పిండాన్ని పరిశీలిస్తే ఇవి పచ్చసొన సంచి గోడలో కనిపిస్తాయి. అక్కడి నుండి పేగు గోడ వెంట ప్రయాణించి, ఆరవ వారానికల్లా తమ స్థానానికి చేరుకుంటాయి.

దారి చూపేదెవరు?

పక్కనున్న కణాలు విడుదల చేసే ప్రోటీన్లే సంకేతాలు. బి.ఎం.పి.-4 అనే ప్రోటీన్ లేకపోతే బీజకణాలు అసలు ఏర్పడవని 1999లో ఎలుకలపై జరిపిన పరిశోధనలో తేలింది. కిట్ లైగాండ్ అనే మరొక ప్రోటీన్ దారి పొడవునా వాటిని బ్రతికిస్తూ, ముందుకు నడిపిస్తుంది. దారి తప్పిన కణాలు సాధారణంగా చనిపోతాయి. అరుదుగా కొన్ని మిగిలిపోయి, తరువాత గడ్డలుగా పెరగవచ్చు.

ఆడా? మగా?

తండ్రి నుండి వై క్రోమోజోమ్ వస్తే, అందులోని ఒక జన్యువు వృషణాలు ఏర్పడేలా చేస్తుంది. అది రాకపోతే అండాశయాలు ఏర్పడతాయి. కనుక ఆడపిల్ల పుట్టిందని కోడలిని నిందించడం అన్యాయం. లింగ నిర్ధారణ పరీక్ష చేయించడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

ఆడశిశువులో సుమారు 20 వారాలకు 60–70 లక్షల బీజకణాలుంటాయి. పుట్టేనాటికి 10–20 లక్షలు, రజస్వల అయ్యేనాటికి 3–4 లక్షలు మిగులుతాయి. అంటే మీ కూతురి బిడ్డకు ఆధారమైన అండం, మీ కూతురు మీ కడుపులో ఉన్నప్పుడే ఏర్పడింది! మగపిల్లల్లో మాత్రం ఈ కణాలు యుక్తవయస్సు వరకు వేచి ఉండి, ఆ తరువాత వీర్యకణాలను తయారుచేస్తాయి.

కుటుంబ సభ్యులు గమనించవలసినవి

• మగబిడ్డ వృషణాలు సంచిలోకి దిగాయో లేదో చూడండి. ఆరు నెలలు నిండినా దిగకపోతే వైద్యునికి చూపించండి. శరీరపు వేడికి లోపలి బీజకణాలు దెబ్బతింటాయి. అవసరమైతే ఏడాదిన్నర లోపే ఆపరేషన్ చేయించడం మంచిది. "పెద్దయితే అదే దిగుతుంది" అని ఆలస్యం చేయవద్దు.

• విటమిన్-ఎ నుండి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం కూడా పిండానికి ఒక సంకేతమే. అది మితిమీరితే ప్రమాదం. గర్భిణులు మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఎట్టి పరిస్థితులలోనూ వాడరాదు. విటమిన్-ఎ మాత్రలు కూడా వైద్యుని సలహా లేకుండా మింగవద్దు.

• సంతానం ఆలస్యమైతే భార్యాభర్తలు ఇద్దరూ కలిసి పరీక్షలకు రండి. లోపం ఎవరిలోనైనా ఉండవచ్చు.

గర్భంలో దేవుడు రహస్యంగా చేసే ఈ పని మన చేతిలో లేదు. తల్లిని నిందించకుండా ఆదరించడం, బిడ్డను సకాలంలో చూపించడం మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.