పొట్టేలు నిలిస్తేనే... మంద!

పొడుగు కాళ్లు, వేలాడే చెవులు, ఉన్ని లేని నున్నటి ఒళ్లు. చూడగానే మేక అనిపిస్తుంది. కానీ అది గొర్రె! మన దేశంలోని గొర్రెజాతుల్లోకెల్లా ఎత్తైనది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో కాపరుల వెంట తరతరాలుగా నడుస్తున్న నెల్లూరు గొర్రె కథ ఇది.

ఉదయగిరి కొండమీద ఎండపొడ పడే వేళకి కింద మందలు కదులుతాయి. ముందొక కాపరి, వెనకొక కాపరి, మధ్యలో తెల్లటి ఏరులా గొర్రెలు. ఒకప్పుడు ఈ దుర్గం కోసం రాజులు కొట్టుకున్నారు. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు నెలల తరబడి ముట్టడించి 1514లో గానీ దీన్ని గజపతుల చేతుల్లోంచి తీసుకోలేకపోయాడు. రాజులు పోయారు, కోట పాడుబడింది. కొండవాలులో మేత మాత్రం గొర్రెలకు మిగిలింది.

ఆ మందను మొదటిసారి చూసిన పట్నంవాళ్లు ‘ఇవి మేకలా?’ అని అడుగుతారు. వాళ్ల తప్పేం లేదు. పొడవాటి ముఖం, సన్నటి పొట్టి తోక, చాలావాటికి మెడ కింద చన్నుల్లా వేలాడే రెండు తోలుకాయలు... అన్నీ మేక పోలికలే. పొట్టేళ్లకు కొమ్ములుంటాయి, ఆడగొర్రెలకు సాధారణంగా ఉండవు. ఎదిగిన పొట్టేలు సుమారు 35 నుంచి 40 కిలోలు తూగితే, ఆడగొర్రె 30 కిలోల దాకా ఉంటుంది.

మరి గొంగడి సంగతి? తెలంగాణలో నేసే నల్లగొంగడికి ఉన్ని ఇచ్చేది దక్కని గొర్రె. నెల్లూరు గొర్రెకు ఛాతీ, మూపు, తొడల వెనక కాస్త తప్ప ఉన్నే ఉండదు. ఒళ్లంతా పొట్టి వెంట్రుకలే. నెల్లూరు ఎండలకు అంతకంటే తగిన చొక్కా ఏముంటుంది! అందుకే ఇది పూర్తిగా మాంసపు జాతి. కాపరికి ఆదాయమంతా అమ్మే పిల్లల మీదా, పొలాల్లో కట్టే మంద మీదా ఆధారపడి ఉంటుంది.

ఒకే జాతి... మూడు రంగులు

రంగును బట్టి ఈ జాతిని మూడు రకాలుగా చెబుతారు. ఒళ్లంతా తెలుపు, లేదా తల, మెడ, కాళ్ల మీద లేత గోధుమరంగు మచ్చలుంటే అది ‘పల్ల’. తెల్లటి ఒంటితో మూతి, కళ్ల చుట్టూ, కింది దవడ, కాళ్ల మీద నల్లమచ్చలుంటే ‘జోడిపి’. ఒళ్లంతా ఎర్రటి గోధుమరంగైతే ‘దొర’. కాటుక పెట్టుకున్నట్టుండే జోడిపిని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

మెట్టకీ మాగాణికీ చుట్టరికం

జిల్లాలో పడమటి వైపంతా వెలికొండల నీడ. ఉదయగిరి చుట్టుపక్కల మెట్టపొలాలు, చిట్టడవులు. ఆత్మకూరు దగ్గరికొస్తే పెన్నానది, సోమశిల నీళ్లు, వరిమళ్లు. ఈ రెండింటికీ చుట్టరికం కలిపేది గొర్రెల మందే. పైర్లున్నప్పుడు బీళ్లు, కొండవాలులే మేత. తుమ్మకాయలు, రేగు ఆకు, కాపరి కొట్టిచ్చే కొమ్మలతో కడుపు నింపుకుంటాయి. కోతలయ్యాక మందలు మాగాణి వైపు దిగుతాయి. పగలు కొయ్యకాళ్లలో మేపి, రాత్రికి రైతు చెప్పిన మడిలో మంద కడతారు. తెల్లారేసరికి పేడ, మూత్రంతో ఆ మడికి ఎరువు అందుతుంది. అందుకు రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు. బస్తాల్లో ఎరువు రాకముందు నుంచీ ఉన్న ఒప్పందమిది. బీళ్లు సాగులోకి వచ్చినచోటల్లా, తోటలకు కంచెలు పడినచోటల్లా మంద నడిచే దారి ఇరుకవుతోంది.

పసిపిల్లల్లా చూసుకోవాలి!

గొర్రె చూలు సుమారు 150 రోజులు. ఎక్కువగా ఈతకు ఒక్క పిల్లే. కాబట్టి పుట్టిన ప్రతి పిల్లా బతకాలి. పుట్టిన గంటలోపే జున్నుపాలు తాగించాలి, బొడ్డుకు అయోడిన్ పూయాలి. తల్లి మేతకెళ్లినంతసేపూ పిల్లల్ని గంపల కిందో తడికల దొడ్డిలోనో ఉంచుతారు. పొట్టేళ్లను కలపడానికి రెండు మూడు వారాల ముందు నుంచి ఆడగొర్రెకు రోజూ పావుకిలో దాకా దాణా పెడితే చూలు బాగా నిలుస్తుంది.

వానాకాలం వచ్చిందంటే కాపరికి కంటిమీద కునుకుండదు. తొలకరికి మొలిచిన లేతగడ్డిని ఆబగా తింటే చిటుకురోగం వస్తుంది. సాయంత్రం గెంతిన పిల్ల తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. అందుకే వానలకు ముందే టీకా వేయించాలి. నెల్లూరుకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చిన్న దోమల్లాంటి పురుగులు పెరిగి, నీలినాలుక వ్యాధిని మోసుకొచ్చేదీ అప్పుడే. మూతి వాచి, నోరు పుండై గొర్రె మేత మానేస్తుంది. దీనికీ, పారుడు రోగానికీ, బొబ్బరోగానికీ టీకాలున్నాయి. వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి నట్టలమందు తాగించాలి. నత్తలుండే చెరువు గట్టున మేపితే కాలేయంలో జలగ చేరుతుంది. మంచు ఆరాకే మందను తోలాలని పెద్దవాళ్లు చెప్పేమాట ఊరికే పుట్టలేదు.

ఏపుగా ఎదిగితే... సంతకే!

రోగాలకు మందుంది. జాతికి వచ్చిన అసలు చిక్కు మరొకటి. మందలో పదిమంది కళ్లూ పడేలా ఎదిగిన పొట్టేలు పిల్లకే మంచి ధర పలుకుతుంది. ఇంట్లో ఆసుపత్రి ఖర్చో, పిల్లల కాలేజీ ఫీజో వస్తే ముందు అమ్ముడయ్యేది అదే. బక్రీద్ దగ్గర పడితే చెప్పనే అక్కర్లేదు. మిగిలేది ఎవరూ అడగని బక్కది. చివరికి అదే మందకు తండ్రవుతుంది! ఏడాదికేడాది ఇలాగే జరిగితే ఎత్తు, బరువు తగ్గిపోతాయి. ఒకే పొట్టేలును ఏళ్ల తరబడి ఉంచితే దాని కూతుళ్లకే అది కలుస్తుంది. పుట్టే పిల్లలు బలహీనమవుతాయి.

‘పొట్టేలంటే సగం మంద’ అని పశువైద్యులు చెప్పేది ఇందుకే. ఆడగొర్రె ఈతకు ఒక్క పిల్లనిస్తే, ఒక్క పొట్టేలు పాతిక, ముప్ఫై గొర్రెల పిల్లలకు తండ్రి. అది మంచిదైతే మందంతా మంచిదే.

లెక్కలు చూస్తే గొర్రెలకు కొదవ లేదు. 2019 పశుగణనలో 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో నిలిచాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు పొరుగు రాష్ట్రాల నుంచి మందలకు మందలే తరలివెళ్లాయి. సంఖ్య సరే. ఆ మందల్లో జాతి లక్షణాలు ఎంత నిలిచాయన్నదే ప్రశ్న.

దారి లేకపోలేదు. చిత్తూరు జిల్లా పలమనేరులోని పశుపరిశోధన స్థానం నెల్లూరు గొర్రె మీద ఏళ్లుగా పనిచేస్తోంది. పిల్లల బరువులు రాసిపెట్టి, బాగా ఎదిగిన పొట్టేళ్లను ఎంపికచేసి మందల అభివృద్ధికి ఇవ్వడం అక్కడి పద్ధతి.

నెల్లూరు పేరు బ్రెజిల్లో...

ఎంపికకూ, రాతకోతలకూ ఎంత బలముందో తెలియాలంటే బ్రెజిల్ వైపు చూడాలి. 1868లో ఇంగ్లాండు వెళ్తున్న ఓ ఓడ అక్కడి సాల్వడార్ రేవులో ఆగినప్పుడు, అందులోని ఒంగోలు జాతి పశువుల జతను అమ్మేశారని చెబుతారు. తర్వాత మరిన్ని వెళ్లాయి. నెల్లూరు పేరుమీదే వాటిని అక్కడ ‘నెలోర్’ అన్నారు. ఏ దూడకు ఏ ఆబోతు తండ్రో రాసిపెట్టుకుంటూ, మేలైనవాటినే విత్తనానికి ఉంచుకుంటూ వచ్చారు. ఇవాళ బ్రెజిల్ మాంసపు పశువుల్లో సింహభాగం నెలోర్ రక్తమే!

అంత పని ఉదయగిరి కాపరి ఒక్కడే చేయలేడు. కానీ సంతకు తోలేముందు మందలోకెల్లా మేలైన ఒక్క పొట్టేలు పిల్లను పక్కన కట్టేయగలడు. రెండేళ్లయ్యాక దాన్ని పక్క ఊరి మందతో మార్చుకోగలడు. నాలుగు ఊళ్ల కాపరులు కలిస్తే ఇందుకు పైసా ఖర్చుండదు. ఆ రోజు చేతికందాల్సిన డబ్బు వదులుకోవడమే కష్టం. అవసరం ఆగదు కదా! ఆ అవసరానికి అప్పు దొరికి, ఆ పొట్టేలు మందలోనే నిలిస్తే... మరుసటేడు సాయంత్రం దొడ్డికి చేరే పిల్లల్లో కాపరికి ఆ తేడా కనిపిస్తుంది.